దేశాన్ని చూసి గర్వపడతారా? దేన్ని చూసి?

తొలకరి
ప్రపంచ విలువల సర్వే అని ఒకటి 1981 నుంచి జరుగుతోంది. చాలా దేశాల్లో మామూలు జనాన్ని అడిగే ప్రశ్నల్లో ఇదొకటి: మీ దేశ పౌరులుగా ఉన్నందుకు ఎంత గర్వపడుతున్నారు? నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోవాలి. చాలా, కొంత, పెద్దగా లేదు, ఏమాత్రం లేదు.

"చాలా" దగ్గరే టిక్కు పెట్టబుద్ధేస్తుంది. కానీ దేనికని ఎవరైనా గట్టిగా అడిగితే గబుక్కున నోటికొచ్చేవి చరిత్ర, సంస్కృతి లాంటి పెద్ద మాటలే. వాటిలో నేను చేసిందేమీ లేదు. పోనీ గర్వం లేదందామా అంటే అదీ అబద్ధమే. జాతీయగీతం వినిపిస్తే ఒళ్లు గగుర్పొడుస్తుంది మరి.

మీకెలా ఉంటుంది? ఉంటే, ఫలానా దాన్ని చూసి అని చెప్పగలరా? ఏ దేశం ఉదాహరణ ఇచ్చినా సరే.

చుక్కాని
నాది "చాలా". ఫలానా అన్నారు కాబట్టి చెప్తున్నా: పోలియో.

2009లో మన దేశంలో 741 కేసులు. ప్రపంచం మొత్తం మీద వచ్చిన వాటిలో సగానికి దగ్గర. ఇంత జనాభా, ఇన్ని వలసలు ఉన్న చోట పోలియో పోవడం చాలా కష్టమని అనుకున్న రోజులవి. 2011 జనవరి తర్వాత సహజ వైరస్ కేసు ఒక్కటీ రాలేదు. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ సర్టిఫికెట్ ఇచ్చింది.

ఆ మధ్యలో జరిగిన పని చూడండి. టీకా డబ్బా భుజానికి తగిలించుకుని ఇల్లిల్లూ తిరిగారు. చుక్కలు వేసిన పిల్లల చిటికెన వేలికి ఇంకు గుర్తు. గోడ మీద సుద్దతో రాత: పని అయిపోయిన ఇంటికి ఒక గుర్తు, పిల్లలు మిగిలిపోయిన ఇంటికి ఇంకో గుర్తు. ఆ రెండో గుర్తున్న ఇంటికి మళ్లీ వెళ్లాలి. రైళ్లలో, బస్టాండ్లలో, ఇటుక బట్టీల దగ్గర కూడా వెతికి వేశారు. వాళ్లలో చాలామంది ఆడవాళ్లు, మనకెవరికీ పేర్లు కూడా తెలియవు. ఇది చూసి ఛాతీ ఉప్పొంగకపోతే ఇంకేం చూసి ఉప్పొంగుతుంది?

నిశాంత్
చుక్కాని గారూ, ఆ పని చేసినవాళ్లకు నేనూ దండం పెడతాను. నా సందేహం వేరే. ఆ గర్వం వాళ్లది. మనదెలా అవుతుంది? పుట్టుక మన చేతిలో లేదు. సరిహద్దుకి అటువైపు పుట్టి ఉంటే ఇదే గొంతుతో అటువైపు జేజేలు కొట్టేవాళ్లం. సొంతంగా గర్వపడటానికి ఏమీ లేనివాడికి అందుబాటులో ఉండే అతి చవక గర్వం దేశగర్వమేనని జర్మన్ తత్వవేత్త షోపెన్‌హావర్ 19వ శతాబ్దంలోనే విమర్శించాడు. మాట కటువుగానే ఉంది. కానీ తోసేయలేం.

మనసు ఎలా పనిచేస్తుందో చూపించిన ప్రయోగం ఒకటి ఉంది. 1970 ప్రాంతంలో హెన్రీ టాజ్‌ఫెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్లో 14, 15 ఏళ్ల అబ్బాయిలను రెండు గుంపులు చేశాడు. ఏ చిత్రకారుడి బొమ్మలు నచ్చాయన్నదాన్ని బట్టి విడదీస్తున్నామని వాళ్లకు చెప్పారు, నిజానికి చీటీ తీసినట్టు ఎలా పడితే అలా విడదీశారు. తమ గుంపులో ఎవరెవరున్నారో కూడా ఆ పిల్లలకు తెలియదు. తర్వాత డబ్బులు పంచమన్నారు. చాలామంది తమ గుంపువైపే మొగ్గు చూపారు. అసలు ఆశ్చర్యం అది కాదు. తమ గుంపుకి వచ్చేది కాస్త తగ్గినా పర్లేదు, అవతలి గుంపు కంటే ఎక్కువ రావాలన్నట్టు పంచారు.

టాజ్‌ఫెల్ పోలండ్‌లో పుట్టిన యూదుడు. యుద్ధఖైదీగా బతికి బయటపడి వచ్చేసరికి ఆయన కుటుంబం దాదాపు మొత్తం నాజీల చేతుల్లో చనిపోయింది. ఈ ప్రశ్న ఆయనకు కేవలం పరిశోధన కాదు. మనం గర్వం అని పిలుచుకునేదానిలో ఈ "అవతలివాడి కంటే ఎక్కువ" అన్న భాగం ఎంత ఉందో నిజాయితీగా చూసుకోవాలని నా మనవి.

పాత మాస్టారు
చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ని. నిశాంత్, నువ్వు చెప్పిన ప్రయోగం సరైనదే. అయితే దేశం అంటే ఎవరో చీటీ తీసి పంచిన గుంపు కాదు నాయనా. దేశం లేకుండా చేయబడిన వాళ్లను అడిగితే ఆ తేడా తెలుస్తుంది.

1989 ఆగస్టు 23. ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియా అప్పటికింకా సోవియట్ యూనియన్‌లోనే ఉన్నాయి. ఆ మూడింటినీ సోవియట్‌ గుప్పిట్లోకి నెట్టిన హిట్లర్, స్టాలిన్‌ల రహస్య ఒప్పందానికి ఆ రోజుతో 50 ఏళ్లు. మూడు రాజధానులనూ కలుపుతూ, తాలిన్ నుంచి రీగా మీదుగా విల్నియస్ దాకా, 600 కిలోమీటర్లకు పైగా, సుమారు 20 లక్షల మంది రోడ్డు పక్కన చేయీ చేయీ పట్టుకుని నిలబడ్డారు. మూడు దేశాలు, మూడు భాషలు, ఒకే గొలుసు. ఎవరి మీదా రాయి పడలేదు. 1991లో మూడూ స్వతంత్రమయ్యాయి.

ఆ వరుసలో నిలబడినవాళ్ల గర్వం పక్కదేశాన్ని చిన్నచూపు చూసేది కాదు. పక్కదేశం వాడి చెయ్యి పట్టుకుంటే తప్ప వాళ్ల గొలుసు పూర్తికాదు. అలాంటి గర్వాన్ని చవకది అనడానికి నాకు మనసొప్పదు.

వెన్నెల
నేను చాలా ఏళ్లుగా వేరే దేశంలో ఉంటున్నాను. దూరంగా ఉంటే గర్వం పెరుగుతుంది, అది నిజం. కానీ కొంత భాగం గర్వం కాదు, కాపు కాయడం. ఇక్కడివాళ్లు నా దేశం గురించి తక్కువ చేసి మాట్లాడితే, ఇంట్లో నేనే రోజూ తిట్టే విషయమైనా సరే, వెంటనే అడ్డం పడతాను. అవతలివాళ్లు వెళ్లిపోయాక అనిపిస్తుంది, ఇదే మాట నా దేశంవాళ్లు అంటే తలూపేదాన్ని కదా అని.

ఇంకోటి. ఈ దేశం మీద కూడా నాకిప్పుడు గర్వం వచ్చింది. ఇక్కడ పుట్టలేదు. పుట్టుకే కారణమైతే ఈ రెండోది రాకూడదు. పన్ను కట్టాను, ఓటు వేశాను, పక్కింటి పెద్దావిడ ఒంట్లో బాగోలేనప్పుడు ఆస్పత్రిలో కాపలా ఉన్నాను. అలా అలా కలిసిపోయింది. ఒకరికి రెండు దేశాల గర్వం ఉండకూడదనే వాళ్లంటే నాకు చాలా టెన్షన్. ఎటు తిరిగినా పరీక్ష పెడుతూనే ఉంటారు.

సత్యవతి
అందరూ దేశాన్ని చూసి మనకేమనిపిస్తుందో రాస్తున్నారు. దేశం మనల్ని ఎలా చూస్తుందన్నది కూడా రావాలి కదా. గర్వం అనేది అక్కడినుంచే మొదలవుతుందని నా నమ్మకం.

ఫ్రెడరిక్ డగ్లస్ బానిసగా పుట్టి పారిపోయి వచ్చినవాడు. 1852 జూలై 5న అమెరికా స్వాతంత్ర్య దినం సందర్భంగా మాట్లాడమని రోచెస్టర్‌లో పిలిచారు. మీ ఈ పండగ ఒక బానిసకి ఏమవుతుంది అని ఆ సభలోనే అడిగాడు. ఆ ప్రశ్న ఒక్కటే గుర్తుపెట్టుకుంటారు జనం. అదే ప్రసంగంలో ఆ దేశాన్ని స్థాపించినవాళ్ల ధైర్యాన్ని మెచ్చుకున్నాడు. రాజ్యాంగం తనవైపే ఉందని వాదించాడు, ఆశ వదులుకోలేదన్నాడు. దేశం ఆయన్ని మనిషిగా లెక్కపెట్టని రోజుల్లో అన్నాడు ఆ మాట.

ఎవరైనా "గర్వంగా లేదు" అంటే వాళ్లకు దేశం మీద ప్రేమ లేదని తీర్పు చెప్పేస్తాం. వాళ్లు ఏ కిటికీ దగ్గర ఎన్ని గంటలు నిలబడ్డారో, ఎవరు ఏమని కసిరి పంపారో అడగం. నన్నూ ఒక ఆఫీసులో ఇంటిపేరు చూసి పక్కకు నిలబెట్టారు. ఆ సాయంత్రం ఎవరైనా ఈ సర్వే పట్టుకొస్తే నాలుగో జవాబే పెట్టేదాన్ని. మర్నాడు వేరేది పెట్టేదాన్నేమో.

చుక్కాని
సత్యవతి గారూ, మీకు జరిగింది తప్పే, అందులో వాదన లేదు. కానీ ఎక్కడ చూసినా దేశం గురించి మాట ఎత్తగానే తప్పుల చిట్టా విప్పుతారు. ఏ దేశంలో లేవు తప్పులు? మంచి జరిగినప్పుడు ఒక్క నిమిషం సంతోషంగా ఉండనివ్వరా? ఎప్పుడూ తప్పులే వింటూ పెరిగిన పిల్లలు ఈ దేశానికి ఏదైనా చెయ్యాలని ఎందుకు అనుకుంటారు? ఇది కోపంతో కాదు, నిజంగానే అడుగుతున్నాను.

నిశాంత్
సంతోషంగా ఉండండి, వద్దనడం లేదు. లెక్క రెండువైపులా ఒకేలా ఉండాలంటున్నాను.

1976లో మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ చాల్దీనీ బృందం ఏడు అమెరికా యూనివర్సిటీల్లో సోమవారాల్లో విద్యార్థులు వేసుకున్న బట్టలు చూసింది. శనివారం ఫుట్‌బాల్ మ్యాచ్ గెలిస్తే యూనివర్సిటీ పేరున్న బట్టలు ఎక్కువ కనిపించాయి. తర్వాత ఫోన్లో మాట్లాడించారు. గెలిచిన ఆట గురించి "మేం గెలిచాం" అనడం, ఓడిన ఆటకి "వాళ్లు ఓడారు" అన్న ధోరణి బయటపడింది. అప్పుడే చిన్న పరీక్షలో తప్పారని తెలిసిన విద్యార్థులు ఈ "మేం" అన్న మాటని మరింత వాడారు. మనసు దెబ్బతిన్నప్పుడు మనిషి పెద్ద గుంపు నీడలోకి జరుగుతాడు. అందులో తప్పేమీ లేదు, కానీ ఆ అవసరాన్ని వాడుకునేవాళ్లు ప్రతి దేశంలోనూ ఉంటారు.

రాకెట్ ఎగిరితే "మనం" ఎగరేశాం. ఎక్కడో ఒకణ్ని కొట్టి చంపితే "ఎవరో" చంపారు. ఈ రెండింటికీ ఒకే మాట వాడగలిగితే నాకు ఏ అభ్యంతరమూ లేదు.

పాత మాస్టారు
ఆ ఒకే మాట వాడిన మనిషి ఒకడున్నాడు. విల్లీ బ్రాంట్.

1970 డిసెంబర్ 7న పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ హోదాలో పోలండ్ రాజధాని వార్సా వెళ్లాడు. ఘెట్టోలో, అంటే నాజీలు యూదులను బంధించిన వాడలో, తిరగబడిన వీరుల స్మారకం దగ్గర పుష్పగుచ్ఛం ఉంచాడు, రిబ్బన్ సరిచేశాడు. అంతవరకూ ఎవరైనా చేసేదే. అక్కడే తడి నేలమీద మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు. ఎవరూ చెప్పలేదు, ఏ కార్యక్రమంలోనూ లేదు. ఇందులో గమనించాల్సింది, బ్రాంట్ నాజీ కాదు. నాజీలకు ఎదురు తిరిగి నార్వే పారిపోయాడు. 1938లో వాళ్లు ఆయన పౌరసత్వమే తీసేశారు. తాను చేయని పాపానికి, తనను వెళ్లగొట్టిన దేశం తరఫున మోకరిల్లాడు. అప్పట్లో ఒక పత్రిక సర్వే చేస్తే పశ్చిమ జర్మన్లలో 48 శాతం అది అతి అన్నారు, 41 శాతం సబబే అన్నారు. ఇవాళ జర్మన్లు తమ దేశం గురించి తల ఎత్తుకుని చెప్పుకునే సంగతుల్లో ఆ మోకరిల్లడం ఒకటి.

చుక్కాని గారి ప్రశ్నకు నా అనుభవంలోంచి జవాబు: తప్పులు చెప్పడం వల్ల పిల్లలు దేశానికి దూరం కాలేదు. దాచిపెట్టింది తర్వాత వేరే చోట తెలిసినప్పుడు దూరమయ్యారు. "మాకు చెప్పలేదేంటి సార్" అని వచ్చి అడిగినవాళ్లున్నారు.

తొలకరి
బ్రాంట్ సంగతి చదివాక నాకు ఒకటి తట్టింది. ఒక్కో దేశం ఎవరిని చూసి గర్వపడుతుందో చూస్తూ పోతే, బతికున్న రోజుల్లో అదే దేశం కోపానికి గురైనవాళ్లు ఎంతమందో.

1968 మెక్సికో ఒలింపిక్స్, 200 మీటర్ల పరుగు. అమెరికా నల్లజాతి అథ్లెట్లు టామీ స్మిత్, జాన్ కార్లోస్ పతకాల వేదిక మీద నల్ల గ్లవ్స్ తొడుక్కుని పిడికిళ్లు ఎత్తిన ఫొటో అందరికీ తెలుసు. వాళ్లను జట్టులోంచి తీసేసి పంపించేశారు. ఆ ఫొటోలో ముందు నిలబడ్డ తెల్లాయన మాత్రం ఎవరికీ గుర్తుండడు. ఆస్ట్రేలియాకి రజతం తెచ్చిన పీటర్ నార్మన్. కార్లోస్ తన గ్లవ్స్ మర్చిపోతే ఉన్న ఒక్క జతనే చెరొకటి వేసుకోమని సలహా ఇచ్చింది ఆయనే. అందుకే ఒకరిది కుడి చెయ్యి, ఇంకొకరిది ఎడమ చెయ్యి. మానవ హక్కుల బ్యాడ్జి ఒకటి అడిగి తీసుకుని తన ఛాతీకి పెట్టుకున్నాడు. ఆయన అప్పుడు పరుగెత్తిన 20.06 సెకన్లు యాభై ఏళ్లకు పైగా ఆస్ట్రేలియా రికార్డుగా ఉండిపోయింది. అయినా ఆ తర్వాత ఇంకో ఒలింపిక్స్‌లో పరుగెత్తలేదు. 2006లో చనిపోతే స్మిత్, కార్లోస్ వచ్చి పాడె మోశారు. 2012లో ఆస్ట్రేలియా పార్లమెంటు క్షమాపణ చెప్పింది. ఆరేళ్లు ఆలస్యంగా.

జపాన్ దౌత్యాధికారి చియూనె సుగిహర కూడా అంతే. 1940లో లిథువేనియాలోని కౌనస్‌లో, పైనుంచి వద్దని చెప్పినా, పారిపోతున్న యూదులకు చేత్తో రాసి రెండు వేలకు పైగా వీసాలు ఇచ్చాడు. రైలెక్కాక కూడా రాస్తూనే ఉన్నాడు. 1947లో ఉద్యోగం పోయింది. ఇప్పుడు జపాన్‌లో ఆయన పేరు మీద మ్యూజియం ఉంది.

ఇప్పుడు గర్వపడుతున్నది ఆ దేశాలే. కాదనను. కానీ అప్పుడు వీళ్ల పక్కన నిలబడని దేశానికి ఆ గర్వం మీద హక్కుందా?

సత్యవతి
హక్కుంది తొలకరి గారూ, ఒక షరతు మీద. ఇవాళ్టి నార్మన్ ఎవరో ఇవాళే గుర్తుపట్టే ప్రయత్నం చేస్తే.

గోరింట
కొత్త సభ్యురాలిని. అందరి పోస్టులూ చదివాను. ఎవరూ చెప్పనిది ఒకటి రాస్తాను.

మధ్య అమెరికాలోని కోస్టారికాలో 1948లో అంతర్యుద్ధం జరిగింది. గెలిచినవాడు హోసే ఫిగేరెస్. ఆయుధాలు, అధికారం రెండూ ఆయన చేతిలోనే ఉన్నాయి. అదే ఏడాది డిసెంబర్ 1న రాజధానిలోని బెల్లావిస్తా సైనిక స్థావరానికి వెళ్లి, పెద్ద సుత్తి పట్టుకుని గోడ మీద కొట్టాడు. సైన్యం రద్దు. 1949 రాజ్యాంగంలో రాసేశారు. ఆ కోట ఇప్పుడు జాతీయ మ్యూజియం. గోడల మీద తుపాకీ గుండ్ల గుర్తులు ఇంకా ఉన్నాయి. తమకు సైన్యం లేదని ఆ దేశం వాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. ప్రపంచంలో చాలా చోట్ల గర్వం అనగానే ముందు కవాతే చూపిస్తారు. ఇలా కూడా ఉండొచ్చని తెలిసి నాకు ఊపిరాడినట్టయింది.

కృష్ణవేణి
గోరింట గారూ, నేను సైనికుడి కూతుర్ని. మీ మాట నన్ను నొప్పించలేదు. ఒక సంగతి మాత్రం చెప్పాలి.

నాన్నగారు సరిహద్దులో ఉన్నన్నాళ్లూ ఆయన నోట దేశగర్వం అన్న మాట నేను వినలేదు. తన పక్కన ఉన్నవాళ్ల పేర్లు చెప్పేవారు. ఫలానా అతను తన వాటా కంబళి ఇచ్చాడని, ఫలానా అతని పాప పుట్టిందని, ఇంకా చూడలేదని. జెండా కప్పిన పెట్టె దిగితే దాని వెనక నడిచేవారు. ఆ రోజుల్లో ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. టీవీల్లో యుద్ధం కావాలని అరిచేవాళ్లను చూస్తే లేచి వెళ్లిపోయేవారు. ఆయన గర్వం నిశాంత్ గారు చెప్పిన గుంపు గర్వం కాదు, అంత మాత్రం నాకు తెలుసు.

ప్రతి దేశమూ కోస్టారికా కాలేదు, పక్కన ఎవరున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. కానీ గెలిచినవాడే తన చేతిలోని ఆయుధం పక్కన పెట్టాడన్న విషయం నాన్నగారు ఉంటే ఆయనకు తప్పకుండా చదివి వినిపించేదాన్ని.

నిశాంత్
కృష్ణవేణి గారూ, మీ నాన్నగారికి నమస్కారం. పక్కనున్న మనిషి పేరు తెలిసిన గర్వానికి నేను ఎప్పుడూ అడ్డుచెప్పను.

తొలకరి గారు చెప్పిన సర్వేలో చిక్కేమిటంటే, మొత్తం దేశానికి ఒకే ఒక్క టిక్కు. ఇంకో అంతర్జాతీయ సర్వే ఉంది, 1995, 2003, 2013లలో జాతీయ గుర్తింపు మీద చేశారు. అందులో పది విషయాల మీద విడివిడిగా అడుగుతారు: ప్రజాస్వామ్యం పనిచేసే తీరు, ప్రపంచంలో పలుకుబడి, ఆర్థిక విజయాలు, సామాజిక భద్రత, సైన్స్, క్రీడలు, కళలు సాహిత్యం, సైన్యం, చరిత్ర, సమాజంలోని అన్ని వర్గాలనూ సమానంగా చూడటం. నాకు ఇదే నచ్చింది. సైన్స్‌కి "చాలా" పెడతాను. ప్రపంచంలో పలుకుబడి ఉంటే గర్వపడాలని నాకు అనిపించదు, దానికి "ఏమాత్రం లేదు". మిగతావి ఆలోచించాలి.

వెన్నెల
ఇది బాగుంది. నేను రెండు దేశాలకీ రెండు కాగితాలు నింపుతాను. సాహిత్యానికి పుట్టిన దేశానికి "చాలా". సామాజిక భద్రతకి ఈ దేశానికి "చాలా". ఒక దాని మీద ఇంకోటి గెలవక్కర్లేదు.

చుక్కాని
నాదీ రాస్తున్నాను. సైన్స్, సైన్యం, చరిత్ర, క్రీడలు: చాలా. ఆర్థికం: కొంత. అందరినీ సమానంగా చూడటం దగ్గర చాలాసేపు ఆగాను. సత్యవతి గారిని ఆఫీసులో పక్కకు నిలబెట్టిన సంగతి చదివాక అక్కడ "చాలా" పెట్టలేను. "పెద్దగా లేదు". మిగతా వాటి మీద నా గర్వం దీనివల్ల ఒక్క ఇసుమంత కూడా తగ్గదు, అది కూడా రాసి పెట్టుకోండి.

సత్యవతి
రాసి పెట్టుకున్నానండీ, మీ మాట నాకు నచ్చింది.

సమానత్వానికి నాది "ఏమాత్రం లేదు". ప్రజాస్వామ్యానికి మాత్రం "చాలా", అదెందుకో చెప్తాను. 1951-52లో మన మొదటి ఎన్నికలకు దాదాపు 17 కోట్ల మంది ఓటర్లు. ఎక్కువమందికి చదువు రాదు. అందుకని ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టి, దాని మీద గుర్తు అంటించారు. చాలా చోట్ల ఆడవాళ్లు తమ పేరు చెప్పకుండా ఫలానా ఆయన భార్య, ఫలానా వాడి తల్లి అని రాయించుకున్నారు. ఎన్నికల ప్రధాన కమిషనర్ సుకుమార్ సేన్ ఒప్పుకోలేదు, సొంత పేరు ఉండాల్సిందేనన్నారు. చెప్పనివాళ్ల పేర్లు, సుమారు 28 లక్షలు, జాబితాలోంచి తీసేశారు. ఆ ఆడవాళ్లకు ఆ ఎన్నికల్లో ఓటు పోయింది, దాని బాధ నాకు అర్థమవుతుంది. అయినా ఒక ప్రభుత్వం ఇంటింటికీ వచ్చి నీ పేరేంటమ్మా అని అడిగి, ఆయనగారి పేరు కాదు నీ పేరు అని పట్టుబట్టింది. స్విట్జర్లాండ్‌లో ఆడవాళ్లకు జాతీయ ఎన్నికల్లో ఓటు 1971లో గానీ రాలేదు.

ఇంటిపేరు చూసి నన్ను పక్కకు నిలబెట్టిన ఆఫీసు, సొంత పేరు లేకపోతే ఒప్పుకోనన్న ఆ ఆఫీసు, రెండూ నా దేశానివే. తొలకరి గారూ, పది విషయాలకీ మీ జవాబులు ఇంకా రాయలేదు.

తొలకరి
పూర్తిగా రేపు రాస్తాను. ఇప్పటికి ప్రజాస్వామ్యం, సైన్స్, సాహిత్యం: చాలా. చరిత్ర దగ్గర ఆగాను, మాస్టారు చెప్పిన బ్రాంట్ వల్ల. మాస్టారూ, మీరు చరిత్రకి ఏం పెడతారు?

పాత మాస్టారు
"కొంత". మన దేశానిదే కాదు, నేను పాఠం చెప్పిన ఏ దేశానికైనా అదే పెడతాను.